గిటార్ గర్దన్

మా తమ్ముడికి గిటార్ పిచ్చి. పెళ్ళికి వెళ్తే అందరూ పంక్తిలో కూర్చుంటే, వాడు స్టేజీ పక్కన నిలబడి ఆర్కెస్ట్రా వాళ్ళ వేళ్ళు చూసి ఆకలితో ఇంటికి వచ్చేవాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా ఉన్న నాన్న సర్వీసులో ఉండగానే పోయాడు. ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం పెద్దదాన్నని నాకు ఇచ్చారు. కిషన్‌బాగ్‌లో మా రెండు గదుల ఇంట్లో సంపాదించేది నేను, కసిరేది నేను. వాయించేది వాడు. మా ఇద్దరికీ సర్దిచెప్పలేక సతమతమయ్యేది అమ్మ.

వాడి దగ్గర చర్చి వాళ్ళు వద్దనుకుంటే తెచ్చుకున్న పాత చెక్క గిటార్ ఉండేది. నేర్చుకునే కొత్తలో తీగలు వేళ్ళను కోసేసేవి. అన్నం కలుపుకునే చెయ్యి కాదు కదా, ఎడమచెయ్యే కదా అని నవ్వేవాడు. చర్చిలో వాయించే పెద్దాయన ఒకసారి వాడితో అన్నాడట: "నొప్పి తెలిసినన్ని దినాలు నువ్వు నేర్చుకుంటున్నట్టు. తెల్వని నాడు వచ్చినట్టు." ఆ మాట మా ఇంట్లో వేదవాక్కు అయి కూర్చుంది.

కొన్నేళ్ళకు నొప్పి తెలియని రోజు నిజంగానే వచ్చింది. పొయ్యి మీద మరుగుతున్న గిన్నెను గుడ్డ లేకుండా ఎడమచేత్తో పట్టుకొని దించేవాడు. అమ్మ పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించేది. "మా పోరని చెయ్యి ఇనుమే అనుకో" అనేది. నేనూ మురిసిపోయాను. డిపోలో నా పక్క టేబుల్ ఆవిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

డెబ్భైల చివర్లో ఒక ఆర్కెస్ట్రా నడిపే ఆయన వాడికి మాట ఇచ్చాడు. సొంతంగా కరెంటు గిటార్ తెచ్చుకుంటే రాబోయే పెళ్ళిళ్ళ సీజన్ నుంచి స్టేజీ మీద నిలబెడతానన్నాడు. వాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళు, బతుకులో ఇంకేదీ అక్కర్లేదన్నట్టు తిరిగాడు. కానీ అప్పటికే వాడి వాయింపు పాడవుతోంది. నొక్కిన తీగ సగమే పలికేది, కొన్ని స్వరాలు మూగగా పోయేవి.

"దీని మెడ వంగిందక్కా. గందుకే గిట్ల మోగుతుంది" అనేవాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నడట" అనేదాన్ని నేను. అయినా కొనిస్తానన్నాను. నాలో తిట్టేదీ పెట్టేదీ ఒకటే మనిషి.

పురానాపూల్ దాటాక ఒక సందులో హార్మోనియంలు బాగుచేసే ముసలాయన దుకాణం ఉండేది. విడిపోయిన ఆర్కెస్ట్రాల సామాను కూడా ఆయన దగ్గరికే వచ్చేది. మేము వెళ్ళిన మధ్యాహ్నం అక్కడ మూడు కరెంటు గిటార్లు గోడకు వేలాడుతున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, మూడోది వక్కరంగుది. మా వాడి చూపు ఎర్రదాని మీద పడి అక్కడే ఉండిపోయింది.

"రంగ్ దేఖ్‌కో నక్కో లేవ్ మియా" అన్నాడు ముసలాయన. రంగు చూసి కొనొద్దని. పెళ్ళికూతురిని కూడా ఎవడూ చీర చూసి చేసుకోడని తెలుగులో నాకోసం చెప్పి, మూడింటినీ వరసగా యాంప్లిఫయర్‌కు తగిలించాడు.

ఎర్రది గట్టిగా మోగింది, కానీ చెవిలో గరగరలాడింది. నల్లదాని గొంతు పడిశం పట్టినట్టు ఉంది. వక్కరంగుది మీటాక ఆ స్వరం ఎంతసేపటికీ పోలేదు. సన్నబడుతూ, సన్నబడుతూ సందులో రిక్షావాళ్ళ గంటల మధ్య ఎక్కడో కలిసిపోయింది. సంగీతం అంటే ఓనమాలు తెలియని నాకే గుండె ఝల్లుమంది. మా వాడు ఎర్రదాన్ని మరచిపోయాడు.

"ఇంకొక పరీక్ష ఉంది" అన్నాడు ముసలాయన. "ఆంఖా బంద్ కరో. గర్దన్ పట్టుకొని చెప్పు, ఏది సన్నం, ఏది మోటు. నీ చెయ్యి దేన్ని అడుగుతదో గదే నీది." గర్దన్ అంటే మెడ. తీగలు నొక్కేటప్పుడు ఎడమ అరచేతిలో ఇమిడేది అదే కదా.

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. ముసలాయన ఒక్కొక్క గిటార్ మెడనూ వాడి చేతికి ఆనించాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఆనించాడు.

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి చాచా" అన్నాడు చివరికి.

ముసలాయన వాడు పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. నల్లదాని మెడ రోకలిలా ఉందని దూరంగా కూర్చున్న నాకే కనిపిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. "సక్కగ చెప్పరాదు? డిపోల సెలవు పెట్టి వచ్చిన నేను" అన్నాను. వాడు కంగారుగా కళ్ళు తెరిచి, వక్కరంగుది తీసుకొని తీగలు సవరించడం మొదలుపెట్టాడు. పైన తీగలు బిగించే మరల దగ్గర తీగ కొస ఒకటి సూదిలా బయటికి పొడుచుకొని ఉంది.

రక్తం ముందు చూసింది ముసలాయన. అది మెడ వెంబడి కిందికి జారుతోంది. వాడు మాత్రం చెవి ఒగ్గి స్వరం వింటూ తిప్పుతూనే ఉన్నాడు.

నేను విసురుగా వాడి చెయ్యి లాక్కున్నాను. చిటికెనవేలి పక్కన, అరచేతి అంచున గీరుకుపోయింది. వేళ్ళ కొసలు కాయలు కాచాయంటే అర్థముంది. ఈ అంచున మాత్రం చర్మం పసిపిల్లల చర్మంలా మెత్తగా ఉంది. ఎందుకు చేశానో తెలియదు, నా గోటితో అక్కడ గట్టిగా నొక్కాను. వాడు గిటార్ వైపే చూస్తూ, "అక్కా, గిదే తీసుకుందమా?" అన్నాడు. ఇంకా గట్టిగా నొక్కాను. నా గోరు దిగింది. వాడు నా జవాబు కోసం చూస్తున్నాడు.

 రేపు వస్తామని చెప్పి వాడిని బయటికి లాక్కొచ్చాను. ముసలాయన నెత్తురంటిన గిటార్ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు వాడి కళ్ళు మూయించి, దూదితోనూ గుండుసూదితోనూ ఎక్కడెక్కడో ముట్టుకుంటూ ఏది తగిలిందో అడిగాడు. వాడు తప్పు జవాబులు చెప్పాడు. మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఒకటి డాక్టరు చూపిస్తే చూశాను. దాన్ని మేము ఎండమచ్చ అనుకున్నాం. మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకోవాలి, రోగం ఆగుతుంది, చచ్చిన నరం మాత్రం తిరిగి రాదు అన్నాడు. రోగం పేరు ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. ఇంటికి వచ్చాక అమ్మ, కుష్ఠు అనడానికి నోరు రాక, తెలుగులో "పెద్దరోగం" అని, ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వాడి కంచం, గ్లాసు మాత్రం వేరే గూట్లోకి చేరాయి. నేను ఆమెతో లొల్లి పెట్టుకొని వాటిని మళ్ళీ కలిపాను. ఆమె మళ్ళీ వేరు చేసింది. నెలల తరబడి మా ఇంట్లో ఈ యుద్ధమే. వాడు ఏ గూట్లో ఉంటే అక్కడి నుంచి తీసుకొని తినేవాడు.

సీజన్ వచ్చింది. ఆర్కెస్ట్రాకు వేరే కుర్రవాడిని తీసుకున్నారు. మా వాడి ఎడమచేతి చివరి రెండు వేళ్ళు మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి.

అప్పుడొక సాయంత్రం ఆ హార్మోనియం దుకాణం సందులోంచి వస్తుంటే వక్కరంగు గిటార్ కనిపించింది. దుకాణం బయట, మురికినీళ్ళ మోరీ పక్కన గోడకు ఆనించి ఉంది. నన్ను చూసి ముసలాయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "తీసుకపో బేటీ. పైసల్ వద్దు. నాకు పిల్లలున్నరు, ఆ దినం నుంచి దాన్ని ముట్టబుద్ధి అయితలేదు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి చూసి నా కోపం ఇంకా పెరిగింది. విసిరి మోరీలో కొడదామనుకున్నాను. కానీ దాన్ని అక్కడ అలా వదిలేసి రాలేకపోయాను. ఒళ్ళో పెట్టుకొని రిక్షాలో తెచ్చాను.

తమ్ముడు దాన్ని మంచం మీద పెట్టుకొని చాలాసేపు చూశాడు. కుడిచేత్తో తీగల్ని ఒకసారి మీటాడు. కరెంటు లేకుండా చిన్నగా పలికింది. ఎడమచెయ్యి మెడ కిందికి పోనిచ్చి, కాసేపు ఉంచి, తీసేశాడు.

"అక్కా, నువ్వు పట్టుకొని చెప్పవా, ఎట్లుందో?"

"నాకేం ఎరుకరా దాని గురించి."

"ఎరుక లేకున్న మంచిదే. చేతికి ఏం తెలుస్తే గది చెప్పు."

వాడి పక్కన కూర్చొని మెడను అరచేతిలోకి తీసుకున్నాను. సన్నగా ఉందన్నాను. కొంచెం చల్లగా ఉంది, బొటనవేలి కింద నున్నగా జారుతోంది, నా చేతికి కూడా సరిగ్గా సరిపోతోంది అన్నాను. వాడు కళ్ళు మూసుకొని ఒక్కొక్క మాటకూ తల ఊపాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు.