పాడింగ్టన్ నుంచి సెయింట్ పాంక్రాస్ దాకా

2023 చలికాలం. అప్పటికి చాలా ఏళ్ళుగా లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో ప్యాసింజర్ అసిస్టెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. చూపు లేనివాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు, ఒంటరిగా ప్రయాణం చేయలేని పెద్దవాళ్ళు ముందుగా బుక్ చేసుకుంటే, రైలు పెట్టె దగ్గరే కలుసుకుని తర్వాతి ప్రయాణానికి సాయం చేయడం మా పని.

కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడేది ఒక్క విషయంలోనే. లండన్‌కి సెంట్రల్ స్టేషన్ అంటూ లేదు. ఒక్కో దిక్కుకి ఒక్కో పెద్ద స్టేషన్ ఉంది, అక్కడితో పట్టాలు ఆగిపోతాయి. లండన్‌కి పడమరనున్న స్లౌ నుంచి ఉత్తరాన ఉన్న షెఫీల్డ్ వెళ్ళాలంటే పాడింగ్టన్‌లో దిగి, అండర్‌గ్రౌండ్ రైల్లో ఊరు దాటి, సెయింట్ పాంక్రాస్‌లో మళ్ళీ ఎక్కాలి. మామూలుగా మేము మా స్టేషన్ దాటి వెళ్ళం. ప్రయాణికుణ్ణి తర్వాతి సిబ్బందికి అప్పగించేస్తాం. దాన్ని హ్యాండోవర్ అంటారు.

ఆ రోజు ఉదయం మా సూపర్‌వైజర్ గ్రేస్ నన్ను పిలిచి, నా బ్యాడ్జి వైపు చూపించింది. దాని మీద నాకు వచ్చిన భాషల పేర్లుంటాయి.

"స్లౌ నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. మోకాళ్ళు బాగాలేవట, ఇంగ్లీషు అసలు రాదట. నీ భాషే. ఈ ఒక్కసారికి సెయింట్ పాంక్రాస్ దాకా నువ్వే తీసుకెళ్ళు. కూతురు చావుబతుకుల్లో ఉందట" అంది.

ఆయన పేరు ఓబులేసు. అనంతపురం వైపు మనిషి. ఉన్ని టోపీ, తనది కాదని చూడగానే తెలిసిపోయే పెద్ద కోటు. నేను "నమస్కారం అంకుల్" అనగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇంతమంది ఇన్ని మాటలు మాట్లాడతాండారు, మన మాట యాడా ఇనపడల్యా. నిన్ను చూసినాక పానం లేచొచ్చె పాపా."

నడుస్తూ సంగతి చెప్పారు. పెద్దకూతురి కాన్పు కోసం భార్యతో కలిసి స్లౌ వచ్చారు. ముందురోజే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. అదే రాత్రి షెఫీల్డ్‌లో ఎమ్మెస్ చదువుతున్న చిన్నకూతురు భార్గవి, పార్ట్‌టైమ్ పనిచేసే, వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో తలనొప్పి అంటూ పడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. అల్లుడు బాలింతను, పసిబిడ్డను, ఇంగ్లీషు రాని అత్తగారిని ఆసుపత్రిలో వదిలి రాలేక, మామగారిని స్లౌలో రైలెక్కించాడు. షెఫీల్డ్‌లో దింపుకోవడానికి భార్గవి స్నేహితులు వస్తారు. క్షేమంగా కలిశారని అల్లుడికి ఫోన్ చేసి, నా పని ఫోన్ నంబరు కూడా ఇచ్చాను.

అండర్‌గ్రౌండ్ రైల్లో ఆయన ఫోన్ తీసి ఫోటో చూపించారు. గుడ్డలో చుట్టిన పసిగుడ్డు.

"ఇది చిన్నదానికి చూపియ్యల్ల. పిన్నివి అయినావు, లెయ్ మే అంటే లేచి కూచుంటాది. అదంత మొండిది."

నేను బిడ్డ బాగుందన్నాను.

సెయింట్ పాంక్రాస్‌లో పైకి వచ్చేసరికి నా ఫోన్ మోగింది. అక్కడి నుంచే వెళ్ళే పారిస్ రైలు గురించి ఫ్రెంచిలో ప్రకటన వస్తోంది. ఆయన్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి పక్కకి వెళ్ళాను. అల్లుడు.

"మేడమ్, మామయ్య పక్కనున్నారా?"

"కొంచెం దూరంలో ఉన్నారు. చెప్పండి."

"భార్గవి ఇంక లేదు మేడమ్. ఇప్పుడే హాస్పిటల్ వాళ్ళు కాల్ చేశారు." "మామయ్యకి చెప్పకండి. అక్కడ ఫ్రెండ్స్ ఉన్నారు, వాళ్ళు మెల్లగా చెబుతారు."

"అంత దూరం ఒక్కరే వెళ్ళాలి కదా. ఎవరైనా ఫోన్ చేసి నోరు జారితే?"

"ప్లీజ్ మేడమ్. మీరు జస్ట్ ట్రైన్ ఎక్కించండి. మీ జాబ్ అదే కదా."

అతని మీద నాకు కోపం రాలేదు. ఒక వార్డులో పుట్టిన బిడ్డ, ఇంకో ఊళ్ళో పోయిన పిల్ల. భార్యకి, అత్తకి తెలియకుండా ఎక్కడో మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్నాడు. సరేనన్నాను.

తిరిగి వచ్చేసరికి ఓబులేసుగారు లేచి నిలబడి ఉన్నారు.

"అల్లుడేనా? ఏమంటాడు?"

"రైలెక్కారా అని అడిగారు అంకుల్."

షెఫీల్డ్ రైళ్ళు పై అంతస్తు నుంచి బయలుదేరతాయి. లిఫ్టులో పైకి తీసుకెళ్ళాను. బోర్డు మీద మా రైలు ఎదురుగా ప్లాట్‌ఫామ్ నంబరు లేదు, ఆలస్యం అని మాత్రం ఉంది. ఇంకా ఎంతసేపని ఆయన అడిగితే, కనుక్కుని వస్తానన్నాను. నా మొహం వైపు చూసి, ఎందుకో తన ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టారు.

"నేను బస్సు కండక్టరుగా చేసినా పాపా. బండి చెడిపోతే మా డ్రైవరు, ఇదిగో ఐదు నిమిషాల్లో కదుల్తాదని చెప్పేటోడు. నేను చెప్పేటోన్ని గాదు. కదల్దు, దిగండి అంటాంటి. తిట్టేటోళ్ళు తిడతారు. ఎవరి దావ వాళ్ళు చూసుకుంటారు గదా."

నేను బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఇందాకటి నుంచి నువ్వు నా పక్క చూడ్డంల్యా" అన్నారాయన. "ఆ ఫోన్ వచ్చినాకనే. చెప్పు పాపా. నా బిడ్డ ఉండాదా?"

సరేనని మాట ఇచ్చింది గుర్తుంది. ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"లేదు అంకుల్."

నేను పట్టుకునేలోపే పక్కనున్న బెంచీ మీద కూలబడ్డారు. చుట్టూ పెట్టెలు లాక్కుంటూ జనం పోతూనే ఉన్నారు. కాఫీ గ్లాసు పట్టుకున్న ఒకమ్మాయి ఆగి, బాగున్నారా అని ఇంగ్లీషులో అడిగి, నా సైగ చూసి వెళ్ళిపోయింది. ఆయన తలెత్తి బోర్డు చూశారు. నంబరు పడింది.

"అది మన రైలేనా?"

"అవును."

"ఇంక తొందర ల్యాదు గదా" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఒక్కతే ఉంటాదమ్మా ఆడ. పోవల్ల" అని లేవబోయారు. మోకాళ్ళు లేవనివ్వలేదు. నేనూ, దారిన పోతున్న ఒక మనిషీ చెరో చెయ్యీ వేసి లేపాం.

గ్రేస్‌కి ఫోన్ చేసి, షెఫీల్డ్ దాకా వెళ్ళనా అని అడిగాను. పంపడానికి తనకు అధికారం లేదంది. నిజమే, లేదు. రైలు గార్డుగా ఉన్నావిడ షెఫీల్డ్ వైపు యార్క్‌షైర్ మనిషి, నా తల్లి వయసుంటుంది. జరిగింది చెప్పాను.

"నా సీటు పక్కన కూర్చోబెట్టు అమ్మాయ్. టికెట్లు చూడ్డానికి తప్ప నేను లేవను" అంది.

"ఆయనకి ఇంగ్లీషు రాదు."

"ఇప్పుడాయనతో ఏ భాషలో మాత్రం ఏం చెబుతాం?"

రైలు కదిలేటప్పుడు అద్దంలోంచి చూశాను. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన నోరు కదులుతోంది. ఆవిడకి అర్థం కాదని తెలిసీ ఏదో చెప్పుకుంటున్నారు.

ప్లాట్‌ఫామ్ మీది నుంచే అల్లుడికి ఫోన్ చేసి, చెప్పేశానని చెప్పాను. అతను ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఫిర్యాదు చేశాడు. మేనేజరు నన్ను కూర్చోబెట్టి, కుటుంబం వద్దన్న మాట చెప్పే హక్కు మనకు లేదని మందలించారు.

కొన్ని వారాల తర్వాత, భార్గవిని విమానంలో ఇంటికి పంపే ఏర్పాట్లు పూర్తయ్యాక, ఓబులేసుగారు షెఫీల్డ్ నుంచి అదే దారిలో తిరిగి స్లౌ వెళ్ళారు. పాడింగ్టన్‌లో రైలెక్కించేటప్పుడు నేను కలిశాను. మనిషి సగమయ్యారు. మంచిపని చేశావంటారని ఎదురుచూశానో, తిడతారని భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. రైలు తలుపు దగ్గర ఆయనే అన్నారు.

"అడిగింది నేనే పాపా. నీ తప్పేమీ ల్యా. అయినా ఒక్కోసారి అనిపిస్తాది. నువ్వు అబద్ధం చెప్పింటే షెఫీల్డ్ దాకా నా బిడ్డ బతికే ఉండేది."

నా జవాబు కోసం ఆగకుండా రైలెక్కారు.

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి ఈ పని నేర్పేది నేనే. ప్రయాణికుడు ఎందుకు వెళ్తున్నాడో అతనికి పూర్తిగా తెలుసా అని బుక్ చేసినవాళ్ళని ముందే అడగమంటాను. నిజం చెప్పాలా వద్దా అని వాళ్ళు నన్ను అడుగుతారు. అది నేను నేర్పలేనంటాను. చెప్పాల్సి వస్తే మాత్రం, చెప్పాక పక్కన ఎవరు కూర్చుంటారో ముందు చూసుకోమంటాను. ఆ రోజు నేను అది చూసుకోకుండానే చెప్పేశాను. ఆ గార్డు గనక వేరే మనిషైతే, ఆయన షెఫీల్డ్ దాకా ఒక్కరే కూర్చుని వెళ్ళేవారు.