మూఢంలో ఇచ్చిన మాట

గవర్నర్‌పేటలో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. అపార్ట్‌మెంటు కట్టినాయన లిఫ్టు కోసమని కాస్త చోటు వదిలి, ఆ తర్వాత మళ్ళీ మొహం చూపించలేదు. ఆ ఖాళీలో అందరం పాత సైకిళ్ళూ విరిగిన కుర్చీలూ పడేసుకునేవాళ్ళం.

కొత్తగా చేరినప్పుడు మా ఆయన గ్యాస్ బండ భుజాన వేసుకుని ఆగకుండా పైకి తెచ్చేవారు. యాభై దాటాక మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన పనిచేసే హోల్‌సేల్ కొట్టు మా బాల్కనీలోంచి కనిపించేది. అయినా మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మానేసి క్యారియర్ పంపమన్నారు. ఎదురుగా ఉన్న ఇంటికి రావడానికి బద్ధకమేమిటని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు కూరలు తెచ్చుకుని వస్తుంటే, రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి, ఎవరిదో ఫోనొస్తే ఆగానన్నారు. ఫోను చొక్కా జేబులోనే ఉంది.

ఆ వారమే అమ్మేద్దామని అనుకున్నాం. మంగళగిరిలో నేతపనివాళ్ళ వీధిలో చిన్న ఇల్లు చూసి వచ్చాం. రెండు గదులు, వెనక కాస్త దొడ్డి, గుమ్మానికి ఒక్కటే మెట్టు. పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోంది. మా ఆయన ఆ మెట్టు ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కి చూసుకున్నారు. ఇంటాయన చెప్పిన ధరకి మా ఫ్లాటు అమ్మితే సరిపోతుంది. అమ్మడమే మిగిలింది.

ఆ అమ్మడమే గగనమైపోయింది. రాజధాని ఇక్కడికి వస్తుందన్న కొత్తలో బ్రోకర్లు మా మెట్లెక్కి వచ్చి అమ్ముతారా అమ్ముతారా అని ప్రాణాలు తోడేశారు. అప్పుడు మాకు అవసరం లేదు. మాకు అవసరం వచ్చేసరికి రాజధాని ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియని రోజులు. వచ్చినవాళ్ళు మూడంతస్తులూ ఎక్కి, ఆయాసపడి, మంచినీళ్ళు తాగి, ఫోన్ చేస్తామని దిగిపోయేవాళ్ళు. ఎంతమందికి నీళ్ళిచ్చానో చెప్పలేను. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.

ఎండలు ముదురుతుండగా ఆ భార్యాభర్తలు వచ్చారు. అతనికి కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో ఉద్యోగం. ఆమె మా వీధి చివరి ఆసుపత్రిలో నర్సు. కొండపల్లిలో అద్దెకుంటూ, రాత్రి డ్యూటీ అయ్యాక బస్సు కోసం పడిగాపులు పడేదిట. ఈ ఇల్లయితే నడిచి వచ్చేయొచ్చు. మోకాళ్ళ నొప్పుల వల్లే అమ్ముతున్నామని మేము చెప్పినా, లిఫ్టు సంగతి ఎత్తనేలేదు. ఇల్లంతా చూశాక, "ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోవచ్చా ఆంటీ?" అని అడిగింది. హాల్లో ఇద్దరూ తలలు వంచుకుని నిలబడ్డారు. నేను వంటింట్లో కుక్కరు కూత పెట్టకుండా స్టవ్ తగ్గించాను.

ధర దగ్గర పెద్దగా బేరాలేమీ సాగలేదు. అతను సంచీలోంచి అడ్వాన్సు తీశాడు. మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"మూఢం వచ్చేసింది బాబూ. ఇప్పుడు అడ్వాన్సు తీసుకోను, కాగితం రాయను. మూఢం వెనకే ఆషాఢం. శ్రావణంలో కూర్చుందాం."

"మాకు అలాంటివేం లేవండీ," అన్నాడతను.

"మాకున్నాయి కదా. భయపడకండి, ఇల్లు మీదే. మాటిచ్చాను."

నేనూ తలూపాను. మూఢంలో మొదలుపెట్టిన పని కలిసిరాదని మా ఇళ్ళలో చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్ళమే. నర్సమ్మాయి మాత్రం గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి హాలు మరోసారి చూసుకుంది.

ఆ మూఢంలోనే ప్రభుత్వం మారింది. రాజధాని పనులు మళ్ళీ మొదలవుతాయన్నారు. వారం తిరక్కుండానే బ్రోకర్లు మా మెట్లమీద ప్రత్యక్షమయ్యారు. ఇదివరకు మా ఫోన్ ఎత్తని బ్రోకరొకడు మామిడిపళ్ళు కూడా తెచ్చాడు. అతను చెప్పిన రేటు మళ్ళీ చెప్పించుకుని విన్నాను. మాటిచ్చేశామని చెప్తే నవ్వాడు.

"మూఢంలో అనుకున్నది లెక్కలోకి రాదు మేడంగారూ. రోజే మంచిది కానప్పుడు మాట మాత్రం ఎట్టా చెల్లుద్ది? అడ్వాన్సు కూడా తీసుకోలేదంటున్నారుగా!"

ఈ శాస్త్రం అతను ఏ పంచాంగంలో చదివాడో గానీ నాకు మహా నచ్చింది. ఎందుకంటే ఆ ముందురోజే మంగళగిరి ఇంటాయన ఫోన్ చేసి, పాత ధరకి ఇవ్వలేనన్నాడు. అక్కడా రేట్లు లేచాయి. మా ఫ్లాటు పాత ధరకి అమ్మితే ఆ ఇల్లు రాదు. ఒక్క మెట్టున్న గుమ్మం రాదు.

మా ఆయనతో అదే చెప్పాను.

"కాగితం వద్దన్నాను గానీ, మాట వద్దన్నానా?" అన్నారాయన.

"ఆ మాటేసుకుని ఇంకో పదేళ్ళు ఈ మెట్లెక్కండి."

అలా అని ఉండకూడదు, కానీ అనేశాను. కోపమొస్తే నా నోటికి తాళం ఉండదు. ఆయన రెండు మోకాళ్ళకీ నూనె రాసుకుని సీసా మూత పెట్టారు. చివరికి, "వాళ్ళొచ్చినప్పుడు నువ్వే చెప్పు. నావల్ల కాదు," అన్నారు.

సరే, నేనే చెప్తాననుకున్నాను. పప్పు తాలింపు వేస్తూ, బట్టలు ఆరేస్తూ, ఏం చెప్పాలో మనసులో పేర్చుకునేదాన్ని. 'చూడమ్మా, మాకూ ఇబ్బందులున్నాయి' అని మొదలుపెట్టాలి. మూఢం మాట మధ్యలో తేవాలి. గొంతు పెంచకూడదు. ఆషాఢమంతా ఈ రిహార్సలే.

శ్రావణం మొదట్లో ఒక గురువారం వస్తామని వాళ్ళు ఫోన్ చేశారు. ఆ పొద్దున కాఫీకి పాలు చాలవేమోనని ప్యాకెట్టు కోసం కిందికి దిగాను. ఇద్దరూ కింది మెట్లమీద కూర్చుని ఉన్నారు. అతని ఒళ్ళో అప్పటి సంచీయే ఉంది. ఆమె రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇక్కడ కూర్చున్నారేంటి? పైకి రావచ్చుగా?" అన్నాను.

"దుర్ముహూర్తం ఇంకా కాసేపు ఉందంట ఆంటీ," అంది. "మా హెడ్ సిస్టర్ గారు క్యాలెండర్లో చూసి చెప్పారు. అది పోయాక పైకొద్దామని ఆగాం. మీకు పట్టింపు కదా."

ఆ రోజు దుర్ముహూర్తం ఎప్పుడో మేము చూడనేలేదు. రేటు ఎంత పెరిగిందో మాత్రం రోజూ చూస్తున్నాం.

అతను తలొంచుకుని, "రేట్లు పెరిగినయ్యని తెలుసండీ. మీరేమంటారోనని భయపడతానే వచ్చాం," అన్నాడు.

పేర్చుకున్న మాటలూ పాల సంగతీ మర్చిపోయి నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. దుర్ముహూర్తం పోయేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆమె ఒకసారి నిద్రలో తూగి నా భుజం మీద వాలి, ఉలిక్కిపడి సారీ చెప్పింది.

పైకి వెళ్ళాక మా ఆయన నావైపు చూశారు. ఎప్పుడు మొదలుపెడతానా అన్నట్టు చూశారు.

"అనుకున్న రేటుకే రాసుకోండి," అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి, ఉన్న పాలతోనే కాఫీ కలుపుతూ ఏడ్చాను. ఏదో మంచిపని చేశానన్న ఏడుపు కాదు. మంగళగిరి ఇల్లు పోయిందన్న ఏడుపు. కాఫీలో పంచదార వెయ్యడం కూడా మర్చిపోయాను. ముగ్గురూ వంక పెట్టకుండా తాగేశారు.

ఇప్పుడు అదే మంగళగిరిలో, అదే వీధికి ఈ చివర, అద్దె ఇంట్లో ఉంటున్నాం. రెండు మెట్లున్నాయి. మేము అనుకున్న ఇంటిని ఎవరో కొని ఆకుపచ్చ రంగు వేయించారు. ఆ రంగు అస్సలు బాగాలేదు. అయినా అటు వెళ్ళినప్పుడల్లా చూస్తాను. మా ఆయన అటువైపు నడవనే నడవరు.

మేము చేరిన కొన్నాళ్ళకి నర్సమ్మాయి ఫోన్ చేసింది. కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటున్నారట, మేము తప్పకుండా రావాలట. మా ఆయన ఫోన్ తీసుకుని, "ఏ రోజు అనుకుంటున్నారమ్మా?" అని అడిగారు.

"మాకు అన్ని రోజులూ మంచివే కదా అంకుల్. మీకు మోకాళ్ళ నొప్పి తక్కువున్న రోజు చెప్పండి. ఆ రోజే పెట్టుకుంటాం."

ఆయన ఫోను నా చేతిలో పెట్టి అటు తిరిగి కూర్చున్నారు. ఆదివారం వస్తామని నేనే చెప్పాను.

ఆ ఆదివారం ఆయన ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కారు. నేను తొందరపెట్టలేదు. పైన తలుపు బార్లా తీసి ఉంది. హాలు నిండా మనుషులు పాటల పుస్తకాలు తెరిచి పట్టుకుని ఉన్నారు. ఇంకా పాట ఎత్తుకోలేదు.