షువైఖ్ గ్యారేజీలో ఎత్తుకున్న పాట

నాది బొంగురు గొంతు కాదు, లావు గొంతు. కుండలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుందని బళ్లో ఎగతాళి చేసేవాళ్లు. మా ఊరి చెక్కభజన గురువుగారొక్కరే దానికి విలువిచ్చారు. పద్నాలుగేళ్లు ఆయన పక్కన నిలబడి పాడాను. అడుగు తప్పితే చేతిలోని చెక్కతోనే పిక్క మీద కొట్టేవారు. తరువాత కువైట్ వచ్చి సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరునయ్యాను. శుక్రవారాలు మా కడపవాళ్ల గదిలో తత్వాలు పాడితే కోనసీమ వాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. కాస్త పేరొచ్చింది, దాంతోపాటు కాస్త పొగరూ వచ్చింది.

మొన్న వేసవిలో నాకు పనిచ్చిన కఫీల్ కారు ఏసీ చెడిపోతే షువైఖ్‌లో గ్యారేజీకి తీసుకుపోయాను. అక్కడుండగానే గురువుగారు పోయారని ఫోనొచ్చింది. మా బృందంలో ఒక ఆచారం ఉంది. గురువు పోతే పెద్ద శిష్యుడు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు వంత పాడుతూ పాడె ముందు అడుగులు వేయాలి. పెద్ద శిష్యుణ్ణి నేనే. వీడియో కాల్ చేసి నన్నే ఎత్తుకోమన్నారు. టైర్ల గుట్టల మధ్య అటూ ఇటూ తిరిగాను, ఎక్కడా కాలు నిలవలేదు. ఒకపక్క సుత్తి దెబ్బలు, ఇంకోపక్క కారు ఇంకా కాలేదా, యల్లా, తొందరగా అంటూ కఫీల్ మెసేజీలు.

చివరికి ఫోను ఒక టైరు మీద ఆనించి ఎత్తుకున్నాను. రెండో చరణానికే తేడా తెలిసింది. నా పాట అక్కడికి ఆలస్యంగా పోతోంది, వాళ్ల వంత నాకు ఇంకా ఆలస్యంగా వస్తోంది. వాళ్ల కోసం నేను ఆగాను, నా కోసం వాళ్లు ఆగారు. పాట రెంటికీ చెడ్డ రేవడి అయింది. ఇక లాభం లేదని రెండు చెవులూ మూసుకుని, కళ్లు కూడా మూసుకుని చివరిదాకా పాడేశాను. అంత బాగా ఎప్పుడూ పాడలేదని ఇప్పటికీ అనుకుంటాను. కళ్లు తెరిస్తే మెకానిక్కులు పని ఆపి నన్నే చూస్తున్నారు.

రెండు రోజుల తరువాత ఊరినుంచి ఎవరో వీడియో పంపారు. పాడె ముందు నడుస్తున్న ఒకాయన చేతిలో ఫోను, అందులో నా నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. ఆ ఫోనులోంచి మాత్రం శబ్దం లేదు. పాట ఎత్తుకుని నడిపిస్తున్నది గురువుగారి దగ్గర నా తరువాతి శిష్యుడు, పీలగొంతువాడు. అడుగు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఒళ్లు మండిపోయింది. ఎవరు చేశారీ పని అని గురువుగారి భార్యకే ఫోన్ చేసి అడిగాను.

"నేనే సౌండు తీసేయమంటి నాయనా, ఏమనుకోవాకు. నీ గొంతుకేం, బంగారు. అది ఆగి ఆగి వస్తాంటే అడుగులు తప్పుతాండె. అట్ట పంపిస్తే ఆయప్ప ఒప్పుకుంటాడా, నువ్వే చెప్పు."

ఒప్పుకోరు. ఆ మాటే ఆమెకు చెప్పి ఫోను పెట్టేశాను. ఈ గొంతుతో ఆయనకు నేను చేయాల్సిన పని ఒక్కటే మిగిలి ఉండింది, ఆ ఒక్క పనికీ అదే అడ్డమైంది.