ముగ్గు మూలన ఒక మాట

మా పక్కింటి టీచరుగారు ఇక లేరు. నందిగామ ఆసుపత్రి నుంచి కబురు వచ్చేసరికి అప్పుడే తెల్లవారుతోంది. నేను వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు డబ్బా చేత్తో పట్టుకుని, ఆవిడ రోజూ కూర్చునే అరుగు వైపు చూస్తున్నాను. అత్తయ్య లోపల్నుంచి వచ్చి, "ఆ డబ్బా లోపల పెట్టెయ్యమ్మా. టీచరుగారు పోయారంట" అన్నారు. ఆ రోజు మా వీధిలో ఎవరూ ముగ్గు పెట్టలేదు.

నాకు రాయడం అలవాటు లేదు. మా ఊరు చెవిటికల్లులో ఏడో తరగతితోనే చదువు మానేశాను. పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చాక కూడా నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. కూరగాయల బండి దగ్గర సైతం కావలసినవి వేలితో చూపించి తీసుకునేదాన్ని. అలాంటి నేను ఆవిడ గురించి నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పుణ్యమే.

ఆవిడ నందిగామలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక మా పక్కనే ఉన్న తమ్ముడుగారి ఇంటికి వచ్చేశారు. తమ్ముడుగారిది కిరాణా వ్యాపారం. టీచరుగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో అరుగు మీదకు వచ్చి నేను ముగ్గు పెట్టడం చూస్తూ ఉండేవారు. ఒకరోజు, "అమ్మాయ్, ఆ మూలన కాస్త చోటుంది. ఒక మాట చెప్తా, పిండితో రాస్తావా?" అన్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, వంగలేరు. ఆవిడ ఒక్కో అక్షరం చెబుతుంటే నేను ముగ్గుపిండితో రాశాను. అర్థం చెప్పి, "సాయంత్రానికి ఇది చెరిగిపోతుంది. ఈలోగా ఎవరితోనైనా ఒక్కసారి వాడెయ్. వాడకపోతే ఆ మాట నీది కాదు" అన్నారు.

అత్తయ్యకు అది నచ్చలేదు. "ముగ్గులో ఇంగ్లీషేంటండీ వదినగారూ? లక్ష్మీదేవికి ఇంగ్లీషొచ్చా?" అన్నారు.

"రాకుండా ఎట్లా ఉంటుందండీ? అన్ని దేశాలూ తిరుగుతుంది కదా" అన్నారు టీచరుగారు. అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయారు. మళ్ళీ ఎప్పుడూ కాదనలేదు.

పాలు పోసే ఆయన మాత్రం ఆ అక్షరాలు తొక్కడానికి జంకి, బండి దిగి పక్కగా నడిపించుకుని వెళ్ళబోయేవాడు. "తొక్కవయ్యా, ఫరవాలేదు. నీ చక్రానికి అంటుకుంటే కదా మాట ఊళ్ళోకి పోయేది" అని ఆవిడ అరుగు మీద నుంచి కేకేసేవారు. అతను సిగ్గుపడుతూనే మాట మీదుగా పోనిచ్చేవాడు.

అలా రోజుకో ఇంగ్లీషు మాట. ఒకరోజు చెప్పిన మాట హెజిటేట్. ఆవిడ అర్థం చెప్పబోయేంతలో లోపల్నుంచి ఎవరో పిలిస్తే, "మొహమాటం లాంటిదిలే, తర్వాత చెప్తా" అని వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో వ్రతం, మాకు భోజనాలు అక్కడే. తమ్ముడుగారి భార్యను నేను పిన్నిగారు అంటాను. ఆవిడ నా ఆకులో మరోసారి పులిహోర వెయ్యబోతుంటే, మాట వాడటానికి ఇదే అదననుకుని, చెయ్యి అడ్డం పెట్టి, "హెజిటేట్ అండీ" అన్నాను. పిన్నిగారి ముఖం చిన్నబోయింది.

"ఏమ్మా, బాగా కుదర్లేదా?"

టీచరుగారికి నవ్వాగక పొలమారింది. తర్వాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, "తప్పు నాదేలే. సగం చెప్పి వెళ్ళా" అన్నారు. "మొహమాటపడి వద్దంటాం, ఆకలితోనే లేచి వచ్చేస్తాం. అక్కడితో అయిపోయింది. ఇది అట్లా కాదు. ఒక పని చెయ్యబోతూ, ఒక మాట అనబోతూ కాస్త ఆగడం. ఆగిపోవడం కాదు, ఆగడం. ఆ తర్వాత పని ఇంకా ఉందన్నమాట."

ఆ ఏడు వేసవి సెలవులకు ముందు మా పాప బడి నుంచి కబురొచ్చింది. క్లాసులో ఏమడిగినా పలకడం లేదు, వచ్చే ఏడు కూడా యూకేజీలోనే ఉంచుతామని. పాపకు అన్నీ వచ్చు. ఇంట్లో గడగడా చెప్పేది. తోటివాళ్ళంతా ఒకటో తరగతికి వెళ్ళిపోతే అది ఇంకా ముడుచుకుపోతుందని నా భయం. నేనూ అట్లా ముడుచుకున్నదాన్నే. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు, సెలవు దొరకలేదు. నేనే వెళ్ళి మాట్లాడాలి.

"మీరు కూడా రండి టీచరుగారూ" అని బతిమాలాను.

"నేనొస్తే నేను మాట్లాడతా. నువ్వు మళ్ళీ వేలితో చూపిస్తావు" అన్నారు ఆవిడ. "వెళ్ళు. ఈ రోజుకి కొత్త మాట లేదు, పాతదే పెట్టు."

బడిలో మేడమ్ గారి ఎదురుగా నిలబడి, మొదట పాప నోటుపుస్తకం తెరిచి వేలితోనే చూపించాను. ఆవిడ ఫైలు మూసేస్తుంటే, అప్పుడు అన్నాను. "మా పాపకు రాక కాదండీ. హెజిటేట్ చేస్తుంది. ఆగి చెప్తుంది. కాసేపు ఆగి చూడండి మేడమ్."

ఆవిడ నన్నోసారి చూసి, పాపను దగ్గరకు పిలిచి ఏదో అడిగారు. పాప తలొంచుకుంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు పాప జవాబు చెప్పింది, నేలకేసి చూస్తూనే, మొత్తం.

పాప ఒకటో తరగతికి వెళ్ళింది. ఇంటికి వచ్చి చెబితే టీచరుగారు మెచ్చుకోలేదు. కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, "ఇంకాస్త చక్కెర వేసుకురా. ఇవాళ తాగాలి" అన్నారు. ఆవిడకు షుగరు.

ఈ చలికాలంలో ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. నందిగామ తీసుకువెళ్తూ కారు ఎక్కించేటప్పుడు మా ముగ్గు వైపు చూసి, "ఇవాళ మాట పెట్టలేదే" అన్నారు. "మీరు చెప్పలేదుగా" అన్నాను. "నేనే చెప్పాలా?" అన్నారు. కారు కదిలింది. ఆవిడ నాతో అన్న చివరి మాట అదే.

పోయిన ఇంట్లో దినవారాలు అయ్యేదాకా ముగ్గు పెట్టరు. ఇన్నాళ్ళూ వాళ్ళ వాకిలి ఒట్టి తడితో ఉంది. మా వాకిట్లో నేను ముగ్గు పెడుతూనే ఉన్నా, ఆ మూల మాత్రం వదిలేశాను. దినాలు అయిన మర్నాడు పొద్దున్నే పిన్నిగారు వచ్చారు. "మా ముంగిట్లో ఇవాళ నువ్వే పెట్టమ్మా. నాకు చేతులు ఆడటంలేదు. మా వదినగారి మాట కూడా పెట్టు" అన్నారు.

ముగ్గు వేశాను. మూల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మాట ఆవిడది, చెయ్యి మాత్రమే నాది. వేళ్ళ సందుల్లోంచి పిండి జారిపోతోంది.

పాప పక్కకొచ్చి నిలబడింది. "ఏ మాటమ్మా?"

కాసేపు ఆగాను. తర్వాత రాశాను. ఒక్కో అక్షరం నేల మీద పడుతుంటే పాప పైకి చదివి, చివరికి "హెజిటేట్" అంది.

పాలు పోసే ఆయన వచ్చి, ఆ మాట చూసి బండి ఆపాడు. ఒకసారి అరుగు వైపు చూశాడు. తర్వాత దిగి, బండిని పక్కగా నడిపించుకుంటూ వెళ్ళాడు. వెనకాల వచ్చినవాళ్ళూ అంతే. దీపాలు పెట్టేవేళ వెళ్ళి చూశాను. ముగ్గంతా చెదిరిపోయింది. మూలన మాట మాత్రం పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది.