ఎల్లారెడ్డి రోడ్డు మీద రెండు సెట్ల టైర్లు

ఎనభైల చివర్లో మా తమ్ముడికి కామారెడ్డిలో పెద్ద రోడ్డు పక్కన స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఒకరోజు ఆ షెడ్డు ముందు లారీలోంచి ఒక వింత బండి దిగింది. ఒక్క మనిషి పట్టే కారు. పైకప్పు లేదు, తలుపుల్లేవు, నాలుగు చక్రాలూ ఒంటికి దూరంగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చూసినవాళ్లంతా దాన్ని పశువులు తాగే కుడితి గోలెం అన్నారు. అంతకన్నా మంచి పేరు నాకూ తోచలేదు.

దాని యజమాని హైదరాబాద్ మనిషి. మద్రాసు దగ్గర ఇలాంటి చిన్న కార్లకు రేసులు జరిగేవి. ఆ రేసుకని ఇంజను సరిచేయమని మా వాడికి పంపాడు. మా వాడు చేసిన పని నచ్చి, రెండు సెట్ల టైర్లు పంపి ఒక పరీక్ష పెట్టాడు. ఒక సెట్టు మెత్తటి రబ్బరు, ఒక్క గీత కూడా లేకుండా నున్నగా ఉంది. రెండోది గట్టి రబ్బరు, మామూలు టైర్లలాగే గీతలున్నాయి. రేసుకు ఏది బిగించాలో తేల్చి చెప్పాలి. ఆయన దగ్గర నడపడానికి మా వాడు కాక ఇంకొకతను కూడా ఉన్నాడట. టైర్ల సంగతి సరిగ్గా తెలుసుకున్నవాడికే మద్రాసులో స్టీరింగ్ ఇస్తానన్నాడు. ఆ మాట విన్ననాడు మా తమ్ముడు అన్నం ముందు కూర్చుని నీళ్లు తాగి లేచాడు.

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివి, కామారెడ్డిలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పరీక్ష అన్న మాట వినపడ్డాక నేను ఊరుకునే మనిషిని కాదు. మా వాడు నన్ను పిలిచాడా, నేనే వెళ్లానా అని ఇప్పటికీ మా ఇంట్లో వాదన ఉంది.

షెడ్డు పక్కనే లారీల అరిగిన టైర్లకు కొత్త రబ్బరు ఎక్కించే చాచా ఉండేవాడు. మెత్త సెట్టును చేత్తో తడిమి మా మీద జాలిపడ్డాడు.

"బేటీ, ఇవి గుండు టైర్లు. మీ సేఠ్ మిమ్ముల ఉల్లూ బనాయించిండు, అరిగినయ్ అంటగట్టిండు."

గీతలు లేకపోతే రబ్బరు నేలకు ఎక్కువగా ఆనుతుందని, అందుకే రేసుల్లో ఇవి వాడతారని పావుగంట పాఠం చెప్పాను. ఓపికగా విని, వాన పడితే ఏంచేస్తారని అడిగాడు. ఇది చలికాలం కదా చాచా అన్నాను. తాను అడిగింది వాన గురించి, నెల గురించి కాదన్నాడు. మేస్త్రీలతో వాదిస్తే ఇదే చిక్కు, చెప్పింది మొత్తం వింటారు.

పెద్ద రోడ్డు మీద లారీల రద్దీ ఎక్కువ కాబట్టి ఎల్లారెడ్డి బయట చూద్దామనుకున్నాం. అక్కడ మా పుట్టిల్లుంది. మెత్త సెట్టును ముందురోజే అమ్మ దగ్గర దించాం. గట్టి టైర్లు బిగించిన కారు తెల్లవారాక ట్రాక్టర్ ట్రాలీలో వచ్చింది.

నియమాలన్నీ నావే. నడిపేది తమ్ముడొక్కడే, పెట్రోలు ఒకటే, గాలి ఒకే కొలత. మైలురాయి నుంచి మలుపు దాటాక వచ్చే కల్వర్టు దాకా ఒక్కో సెట్టుతో మూడు పరుగులు, మూడింటికీ సగటు. కాలేజీ ల్యాబులోని స్టాప్ వాచీని సంతకం పెట్టి తెచ్చాను. బస్సు పోయేదాకా, గొర్లమంద దాటేదాకా ఆగి, చేయి ఊపి వదిలేదాన్ని.

ముందు గట్టి సెట్టు. మూడు పరుగులూ ఇంచుమించు ఒక్కలాగే వచ్చాయి. తర్వాత షెడ్డు కుర్రాళ్లు అమ్మ దగ్గర్నుంచి తెచ్చిన మెత్త సెట్టు బిగించారు. మొదటి పరుగులో మలుపు దగ్గర కారు వెనకభాగం పక్కకు జారి, మట్టిలోకి దిగి, మళ్లీ రోడ్డెక్కింది. నా గుండె కూడా దానితోపాటే దిగి ఎక్కింది. రెండోసారీ జారింది, కాస్త తక్కువ. మూడోది బాగానే వచ్చింది. సగటు తీస్తే గట్టి సెట్టే గెలిచింది.

తమ్ముడు హెల్మెట్ తీసి, టైర్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, గివే మంచిగున్నయ్ అనిపిస్తుంది. సురువుల జారినయ్ గాని, ఆఖరుకు మలుపుల అతుక్కపోయినట్టు వచ్చినయ్."

"అనిపించుడు వేరు, కొలుసుడు వేరు," అన్నాను. ఆ వాక్యం నాకే ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చే దారిలో ఇంకో రెండుసార్లు చెప్పాను. సాయంత్రం బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్‌కు ఫోన్ చేసి, గట్టి టైర్లేనని నేనే చెప్పేశాను. సరే చూస్తానన్నాడాయన. మా వాడికి స్టీరింగ్ ఇచ్చే ఊసే ఎత్తలేదు.

మర్నాడు విప్పిన మెత్త టైర్లను షెడ్డులో పేరుస్తుంటే చాచా వచ్చి ఒకదాని పక్కభాగం మీద వేలు రాసి, వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఆముదం. రేసుకు గిది గూడ పూస్తరా బేటీ? నాకు ఎరుక లేదు."

నాలుగు టైర్లూ చూశాం. నేలకు తగిలే చోట ఆముదం రోడ్డుకు రుద్దుకుని పోయింది గానీ, పక్కలకంతా జిడ్డే. ఆ టైర్లు ఒక రాత్రి ఉన్నది అమ్మ దగ్గర కదా, మధ్యాహ్నం బస్సుకు ఎల్లారెడ్డి పోయాను. అమ్మ వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. అడిగితే దాచలేదు. టైర్లకు పసుపుకుంకాలు పెట్టి, నాలుగింటికీ ఆముదం పట్టించి, బట్టలకు అంటకుండా తుడిచిందట.

"ఎడ్లబండికి ఆముదం బెట్టకుంటె తిరుగుతదా బిడ్డా? మీరేమొ జోరుగ ఉరకాలె అంటిరి. యాదిమర్సిన్రేమొ అని నేనే పెట్టిన."

బండికి ఆముదం పెట్టేది ఇరుసుకు కదా అన్నాను. ఈ బండికి ఇరుసు ఎక్కడుందో చూపెట్టకుండా టైర్లొక్కటే ఇంట్లో పడేసి పోయింది ఎవరని అడిగింది. గాలి కొలిచాను, పెట్రోలు కొలిచాను, టైర్లను చేత్తో ముట్టుకోలేదు. పైగా ఆముదం పోయాక వచ్చిన మెత్త సెట్టు మూడో పరుగు ఆరింటిలోకీ వేగమైనదని నా కాగితంలోనే ఉంది. దాన్ని సగటులో కలిపేసింది నేనే.

ఆ సాయంత్రం తమ్ముడిని వెంటబెట్టుకుని మళ్లీ బూత్‌కు వెళ్లాను. నిన్న చెప్పింది తప్పు, ఆ తప్పు నాది అని ఫోన్లో అన్నాను. అలాంటి మాట పలికే అలవాటు లేక రెండుసార్లు దగ్గు వచ్చింది. ఆముదం సంగతి విని ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత అడిగాడు:

"సరే అమ్మా. మరి ఆఖరుసారి మలుపులో ఎట్లుండె?"

సెకన్లు నా చేతిలో ఉన్నాయి. ఆయన అడిగింది సెకన్లు కాదు. మలుపులో కూర్చున్నది నేను కాదు. ఫోను తమ్ముడికిచ్చి బూత్ బయటికొచ్చి, అద్దం తలుపు వేసి నిలబడ్డాను. వాడు మొదట గోడకేసి చూస్తూ గొణిగాడు. తర్వాత రెండో చేయి లేచింది, స్టీరింగ్ తిప్పినట్టు తిరిగింది, నడుము కూడా కాస్త వంగింది. రెండుసార్లు తలుపు తీసి ఏదో మాట అందిద్దామనిపించింది. నోరు మూసుకుని నిలబడటం ఎంత పనో ఆరోజు తెలిసింది.

వాడు బయటికొచ్చాడు.

"రమ్మన్నడక్కా. నన్నే నడపమన్నడు."

"ఏ సెట్టు?"

"మెత్తవే. సబ్బుతోని కడిగి తెమ్మన్నడు."

నాలుగు టైర్లూ నేనే కడిగాను.