అద్దంలోంచి వచ్చిన ఎండ

ఆ రోజుల్లో అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేదాన్ని. ఆరింటి బ్యాచ్‌కి చీకటితోనే బయల్దేరితే, చివరి బ్యాచ్ అయ్యేసరికి వీధిదీపాలు వెలిగేవి. క్లాసులేమో సెల్లార్లో, ప్లైవుడ్ గోడల మధ్య. ఊరివాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నేర్పుతూ తొమ్మిదో నెల దాకా అక్కడే గడిపాను. కడుపుతో ఉన్నవాళ్లకి ఎండ కావాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే తీరికెక్కడిది?

బాబు పుట్టాక అమ్మ కాకినాడ నుంచి మధురానగర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చింది. రోజూ వాడి ఒంటికి నూనె పట్టించి హాల్లో కిటికీ దగ్గర ఎండపొడలో పడుకోబెట్టేది, అద్దాలు మాత్రం బిగించే. తీస్తే పంజాగుట్ట పొగంతా వాడి ముక్కులోకేనట. బయటికి తీసుకెళ్తే నల్లబడతాడట. దుమ్మూ ధూళీ లేని ఎండ దొరికిందని ఇద్దరం తెగ మురిసిపోయాం.

ఏడాదిన్నరకి వాడు నడిచాడు, అటూ ఇటూ ఊగుతూ. దొడ్డికాళ్లు. "బొద్దుగా ఉన్నాడుగా, బరువుకి వంగుంటాయి, అవే సర్దుకుంటాయి" అంది అమ్మ. వాచ్‌మన్ భార్యకి మొహమాటం లేదు. "గీ పోరని కాళ్లు జర డాక్టర్‌కు చూపియ్యి మేడం" అంది. నాకు చర్రుమంది. మర్నాడే అమ్మని తీసుకుని సోమాజిగూడలో పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

ఎక్స్‌రే చూసి డాక్టరుగారు రికెట్స్ అన్నారు. డి విటమిన్ చాలక ఎముకలు మెత్తబడ్డాయట.

"ఎండలో ఉంచేవారా?"

"రోజూ ఉంచామండీ, కిటికీ దగ్గర."

"అద్దం తీసేనా?"

"లేదండీ, పొగొస్తుందని బిగించే ఉంచాం" అంది అమ్మ. అద్దం వెలుతురుని రానిస్తుంది గానీ ఒంటికి పనికొచ్చే కిరణాల్ని ఆపేస్తుందట. వాడి కాళ్లు బాగవుతాయా అని అడగబోయి వాణ్ణి ఒళ్లోకి లాక్కున్నాను. "మందులు వాడండి, చాలావరకు సర్దుకుంటాయి" అన్నారు, అడక్కుండానే.

తిరిగొస్తూ ఆటోలో అమ్మని నానా మాటలూ అన్నాను. ఆవిడ వాడి కాళ్ల మీద కొంగు కప్పింది.

డాక్టరుగారు నాకూ రాసిన రక్తపరీక్ష ఫలితం రెండ్రోజులకి వచ్చింది. డి విటమిన్ బాబుకంటే నాకే తక్కువ. "కడుపులో బిడ్డకి తల్లి దగ్గరున్నదే కదమ్మా వెళ్లేది" అన్నారు డాక్టరుగారు. గురివింద గింజ సామెత నాకోసమే పుట్టింది. ఆ కాగితం అమ్మకి చూపించడానికి సిగ్గేసి బీరువాలో చీరల కింద దాచాను.

బాబుకీ నాకూ మందులు మొదలయ్యాయి, నావి అమ్మకి తెలీకుండా. పొద్దున బ్యాచ్ మానేశాను. రోజూ డాబా మీద ఎండలో వాడితో ఆడేదాన్ని, కళ్లు మాత్రం వాడి మోకాళ్ల మీదే.

ఏడాది తిరిగాక మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముకలు గట్టిపడ్డాయి, కాళ్లు తిన్నగా అవుతున్నాయి అన్నారు. బయట వరండాలో అమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాక నాకు ఏడుపొచ్చేసింది.

"అమ్మా, నా ఒంట్లోనే లేదటే, వాడికెక్కణ్ణుంచి వస్తుంది? తప్పు నాది. నిన్ను అన్నాను."

అమ్మ నా వంక చూడనైనా లేదు. "తప్పులు ఇంటికెళ్లి పంచుకుందాంలే. ముందు వాణ్ణి పట్టుకో, మెట్లదాకా పరిగెత్తాడు."