అన్న గుండెల మీది కంప్యూటర్

తొంభైల చివర్లో నేను హైదరాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేవాణ్ణి. కట్టంగూర్ దగ్గర మా ఊళ్లో అన్న మంచంలో ఉండేవాడు. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ముందు అతని నడుమును, తర్వాత మెడను బిగించేసింది. కంప్యూటర్లు చదువుకున్న మనిషి వాటి ముందు కూర్చోలేకపోయాడు. ఆ నీళ్లను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

షాపుకు పాతదొక అరచేతి కంప్యూటర్ వస్తే అన్న కోసం కొన్నాను. అన్న అందులో విండోస్ లాంటివి కాదు, లినక్స్ సిస్టమే ఎక్కించాలన్నాడు, అదీ పెద్ద కంప్యూటర్ల తెర మీద ఉండే పూర్తి డెస్క్‌టాప్‌తో.

"గీ పిట్టకు గంత బరువెందుకన్నా?" అన్నాను.

"మోస్తదిరా, జర ఓపిక పట్టు."

ఎక్కించాం. తెర మీద డెస్క్‌టాప్ కనిపించేలోపు పొయ్యి మీద చాయ్ మరిగేది. కనిపించగానే అన్న మొహం వెలిగేది.

దాన్ని గుండెల మీద పెట్టుకుని రెండు బొటనవేళ్లతో రాసేవాడు. తెలుగు అక్షరాలు లేవు కనుక ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగే రాసేవాడు. అన్నీ తను నడిచి తిరిగిన రోజుల ముచ్చట్లు. చదువురాని అమ్మకు సాయంత్రం పూట వినిపించేవాడు. ఒకటే చిక్కు. అన్నీ శాశ్వతంగా దాచుకునే చిన్న కార్డు లినక్స్‌తోనే నిండిపోయింది; రాసిందంతా కరెంటు అందుతున్నంతసేపే నిలిచే మెమరీలో ఉండేది. కరెంటు లేనప్పుడు రెండు సెల్లులే దాన్ని కాపాడాలి. అవీ తీస్తే అంతా చెరిగిపోతుంది. పెద్ద కార్డు దొరికేలోపు అన్నే పోయాడు.

దినాలైన మర్నాడు, ఆ రాతలన్నీ షాపులోని కంప్యూటర్‌లోకి తీసుకుందామని యంత్రం చేతిలోకి తీసుకున్నాను. వెనక మూత తీసి ఉంది. సెల్లులు లేవు. పొద్దటి నుంచి కరెంటూ లేదు.

వాకిట్లో మిరపకాయల పక్కన చేటలో ఎండుతున్నాయి ఆ రెండు సెల్లులు.

"ఎర్రలైటు కొట్టుకుంటాంది బిడ్డా. దాని పానం పోతదేమోనని ఎండకు పెట్టిన" అంది అమ్మ.

రేడియో సెల్లులు నీరసిస్తే మా ఇళ్లలో అందరం చేసే పనే. ఎండ తగిలితే ఇంకో నాలుగు రోజులు పాడతాయి. అమ్మ మీద నాకు కోపం రాలేదు.

వెచ్చటి సెల్లులు వేసి చూశాను. లినక్స్ లేచింది, డెస్క్‌టాప్ వచ్చింది. అన్న రాసిన ఒక్క ముక్కా లేదు.

"పానమొచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"అయితే జర చదువు. వాని మాటలు ఇనక నా పానం కొట్టుకుంటాంది."

ఖాళీ తెర చూస్తూ, ఎప్పుడో విన్నవి గుర్తు చేసుకుని చెప్పాను. చిట్యాల అంగట్లో అమ్మ చెయ్యి విడిచి తప్పిపోవడం. సైకిలు నేర్చుకుంటూ వాగులో పడటం. అంతకు మించి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అమ్మ ఇంకా నా మొహంలోకే చూస్తోంది.

"గింతేనా?" అంది. "పొద్దంత రాస్తుండె గదరా."